కావలి మేర

కళ్లంలో రాశి కొలిచేనాడు ధాన్యం నేరుగా రైతు గాదెకు వెళ్లేది కాదు. వడ్రంగికీ కమ్మరికీ చాకలికీ మంగలికీ ఎవరి మేర వారికి తీసిపెట్టాక మిగిలిందే ఇంటికి చేరేది. ఆ వరసలో తలారి మేర కూడా ఉండేది. చేలో పశువులు పడకుండా, కుప్ప మీద దొంగలు పడకుండా రాత్రిళ్లు తిరిగినందుకు ఊరు కొలిచి ఇచ్చే కూలి అది. కొన్ని చోట్ల దానికి బదులు కాస్త ఇనాం భూమి ఉండేది. బడ్జెట్ అనే మాట మన జిల్లాల్లో వినబడకముందు పోలీసు ఖర్చంటే చాలామటుకు ఇదే. ఇవాళ శాసనసభలో హోం శాఖ పద్దు పెరిగిందన్న వార్త రాగానే వాదం నేరాల లెక్కల మీదికి మళ్లుతుంది. నేరాలు పెరిగాయి కనుక ఖర్చు పెరిగిందని ఒకరంటారు, ఖర్చు పెరిగినా నేరాలు తగ్గలేదని మరొకరంటారు. తెలుగు జిల్లాల రెండు వందల ఏళ్ల చరిత్ర చూస్తే నాకు తోచేది వేరు. పోలీసు దేన్ని ముందు కాయాలో నేరాల పట్టిక నిర్ణయించిన సందర్భాలు తక్కువ. అతని జీతం ఏ ఖాతాలోంచి వస్తోంది, ఆ ఖాతా ఎవరి చేతిలో ఉంది అన్నదే ఎక్కువసార్లు నిర్ణయించింది.

పాత కావలిలో ఇవాళ మనకు వింతగా తోచే నియమం ఒకటుంది. కావలి రుసుము పుచ్చుకున్నవాడు దొంగ సొమ్ము పట్టి తేవాలి, తేలేకపోతే ఆ నష్టం తానే కట్టాలి. ఊరి తలారికి ఇదే నియమం, పది ఊళ్ల మీద కావలి హక్కున్న పాళెగానికీ ఇదే నియమం. ఆచరణలో తలారి దగ్గర కట్టడానికి ఏముంటుంది, పాళెగాని చేత కట్టించగలిగేవాడెవడు అన్న ప్రశ్నలు లేకపోలేదు. అయినా కూలి ఇచ్చేవాడికీ కాసేవాడికీ మధ్య లెక్క తేల్చుకునే చోటు ఒకటి ఉండేది. కుప్ప పోతే వచ్చే ఏడు కళ్లంలో ఆ మాట వచ్చేది. 1800లో నిజాం నుంచి దత్త మండలాలు, అంటే రాయలసీమ ప్రాంతం, ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చేసరికి అక్కడ 80 మంది దాకా పాళెగాళ్లున్నారు. వారి చేతుల్లో సాయుధ బంట్లు, వారి జమల్లో కావలి రుసుములు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో వాళ్లను కొందరిని తరిమి, కొందరికి భరణాలిచ్చి కూచోబెట్టాడు. ఉత్తర సర్కారుల్లో 1802 శాశ్వత శిస్తు ఒప్పందం జమీందార్ల నుంచి కావలి బాధ్యతనూ, దానికని కేటాయించిన భూములనూ రుసుములనూ విడదీసి కంపెనీ పరం చేసింది. దేశం శాంతించిందని దొరలు రాసుకున్నారు. అందులో నిజం ఉంది. అయితే రుసుము సర్కారు ఖజానాకు చేరాక, నష్టం కట్టే బాధ్యత మాత్రం ఎవరి నెత్తిన పడాలన్న ప్రశ్నకు జవాబు మిగల్లేదు. రాయలసీమలో ఈ మార్పు ఎంత లోతుగా గుచ్చుకుందో 1846లో తేలింది. కంపెనీ మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెనక నడిచినవాళ్లలో కట్టుబడి బంట్లు ఎందరో ఉన్నారు. ఊళ్ల కావలికని తరతరాలుగా అనుభవిస్తున్న ఇనాములు చేజారిపోతాయన్న కోపమే వాళ్లను అతని వెంట నడిపింది.

ఇది చదివి పాత కావలి బంగారు కాలమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. పాళెగాని కావలి రుసుముకూ, నన్ను దోచుకోవద్దని దొంగకు ముందే కట్టే కప్పానికీ తేడా చెప్పడం ఒక్కోసారి కష్టం. దొంగతనాలు చేస్తారని పేరుపడిన వర్గంలోంచే ఒకణ్ణి కావలికి పెట్టుకుంటే మిగతావాళ్లు ఆ ఊరి జోలికి రారన్న లెక్క కూడా చాలా చోట్ల నడిచింది. తలారి పనిలోనే వెట్టి ఉంది. అది కులాన్ని బట్టి నెత్తిన పడే పని, కాదనడానికి వీల్లేని పని. కళ్లంలో అడిగే హక్కు భూమి ఉన్నవాడిది. కూలివాడి గుడిసెలో దొంగ పడితే ఆ లెక్క ఏ కళ్లంలోనూ తేలేది కాదు. ఈ దోషాలన్నీ ఒప్పుకున్నా నా వాదం బలహీనపడదు. భూమి ఉన్నవాడు కూలి ఇచ్చాడు గనక కావలి భూమి ఉన్నవాడి కుప్పకే దక్కింది. ఎవరి ఖాతా అయితే వారి కావలి అన్న సూత్రం పాత ఊళ్లోనూ అలాగే పనిచేసింది.

మన్రో మళ్లీ వచ్చి చేసిన పని మరో ముడి వేసింది. 1816లో వచ్చిన 11వ రెగ్యులేషను పోలీసు అధికారాన్ని జడ్జీల దగ్గర్నుంచి తీసి కలెక్టరు చేతిలో పెట్టింది. తాలూకాలో తహశీల్దారు, ఊళ్లో రెడ్డి లేదా మునసబు పోలీసు పెద్దలయ్యారు. శిస్తు వసూలు చేసే చేతికే లాఠీ వచ్చింది. ఖర్చు కలిసొచ్చింది కూడా, ఒకే బంట్రోతు రెండు పనులూ చేసేవాడు. పర్యవసానం 40 ఏళ్లకు పార్లమెంటు దాకా వెళ్లింది. మద్రాసులో స్థిరపడిన తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి తన క్రెసెంట్ పత్రికలోనూ, 1852లో పెట్టిన మద్రాసు నేటివ్ అసోసియేషన్ అర్జీల్లోనూ రైతుల హింస గురించి ఏకరువు పెట్టాడు. బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్ వస్తే వెంట తిప్పి చూపించాడు. 1854లో కామన్స్ సభలో రభస జరిగాక విచారణ సంఘం వేశారు. 1855లో వచ్చిన దాని నివేదికే చిత్రహింసల సంఘం నివేదికగా ప్రసిద్ధం. సంఘం ముందుకు వచ్చిన ఫిర్యాదులు రెండు వేలకు దగ్గరగా ఉన్నాయి. వేళ్లను కిట్టిలో బిగించడం, మనిషిని వంచి కట్టి ఎండలో ఉంచడం వంటివి దొంగ చేత నేరం ఒప్పించడానికే కాక, రైతు చేత చిన్న చిన్న శిస్తు బాకీలు కక్కించడానికి కూడా వాడుతున్నారని తేలింది. రెండేళ్ల తర్వాత కార్ల్ మార్క్స్ న్యూయార్కు పత్రికలో ఈ నివేదిక మీదే వ్యాసం రాశాడు. మన తాలూకా కచేరీ వరండాలో జరిగే పని ప్రపంచానికి అలా తెలిసింది.

ఆ నివేదిక ఫలితమే 1859 నాటి 24వ చట్టం. రెవెన్యూ నుంచి పోలీసును విడదీసి, విలియం రాబిన్సన్ అధిపతిగా, జిల్లాకొక సూపరింటెండెంటుతో కొత్త పోలీసు దళం ఏర్పడింది. దేశంలో మిగతా చోట్లకు 1860 పోలీసు కమిషన్ సిఫార్సుతో 1861 చట్టం వచ్చింది. ఈ సంస్కరణను తేలిక చేసి మాట్లాడను. శిస్తు అధికారి చేతిలోంచి లాఠీ తీయడం మంచి పని. అయితే కాలాన్ని మరిచిపోకూడదు. 1857 తిరుగుబాటు అణచడానికైన అప్పు సర్కారు నెత్తిన ఉంది. సైన్యం కన్నా చవకగా నడిచే దళం కావాలన్నది 1860 కమిషన్‌కు అప్పగించిన పనిలో ముఖ్యమైన భాగం. అంచేత కొత్త కానిస్టేబులు తొలినాళ్ల పని పట్టిక చూస్తే ఊరి కుప్ప ఎక్కడో అడుగున కనిపిస్తుంది. ఖజానాకు కాపలా, జైలుకు కాపలా, ఉప్పు కొటార్లకు కాపలా, సర్కారు సొమ్ము ఒక చోట నుంచి మరో చోటికి వెళ్తుంటే వెంట నడవడం, ఇవన్నీ అయ్యాక మిగిలిన మనుషులతో ఠాణాలు. పల్లెలో రాత్రి తిరిగే పని తలారిదే. ఆ తలారిని కొత్త దళంలో కలపాలన్న ఆలోచన వచ్చినా సాగలేదు, అతను రెవెన్యూ కిందే మిగిలిపోయాడు. కొన్నాళ్లకు ఊరి మేరలు కూడా పోయి, వాటి స్థానంలో 1864 చట్టం కింద సర్కారు వసూలు చేసే నగదు సెస్సు వచ్చింది. రైతు అదే కట్టాడు, కాకపోతే ఇంతకుముందు తలారి దోసిట్లో పోసేవాడు, ఇప్పుడు కచేరీ రసీదు పుచ్చుకున్నాడు. కావలి సరిగా లేదని అడగడానికి కళ్లం పోయింది.

1861 చట్టంలో మూడు సెక్షన్లున్నాయి, 13, 14, 15. చరిత్ర రాసేవాళ్లు వీటి మీద ఎక్కువసేపు నిలబడరు గానీ, నాకు మొత్తం చట్టంలో ఇవే ఆసక్తికరం. మొదటిది డబ్బు కట్టగలిగిన మనిషి తనకు అదనపు పోలీసులు కావాలని అడిగి ఖర్చు భరించడం గురించి. రెండోది రైలు మార్గాల వంటి పెద్ద పనులు జరిగేచోట ఆ యజమానుల ఖర్చుతో పోలీసులను పెట్టడం గురించి. మూడోది, ఒక ప్రాంతంలో గొడవలున్నాయని సర్కారు ప్రకటిస్తే అక్కడ అదనపు దళాన్ని దింపి, ఆ ఖర్చు ఊరివాళ్ల నుంచే రాబట్టడం గురించి. దీన్నే జనం శిక్షాపోలీసు పన్ను అన్నారు. పాత నియమం ఎలా తలకిందులైందో ఇక్కడ చూడండి. దొంగతనం జరిగితే ఊరికి నష్టం కట్టాల్సినవాడు కావలివాడు అన్న చోటు నుంచి, అలజడి జరిగితే కావలివాడికి ఊరే కట్టాలన్న చోటుకు వచ్చాం. ఊరు అడగని దళం, ఊరికి జవాబు చెప్పని దళం, ఊరి ఖర్చుతో.

ఈ కొత్త ఖాతా ఎవరిని కాసిందో 1879 రంప కొండల్లో బట్టబయలైంది. అక్కడ కొండవాళ్లు ఇంటి వాడకానికి గీసుకునే కల్లు మీద చిగురు పన్ను వేశారు. తర్వాత ఆబ్కారీ పాటల పేరుతో కల్లును గుత్తేదార్లకు అప్పజెప్పారు. గుత్తేదారు వసూళ్లకూ, మైదానం నుంచి వచ్చిన వ్యాపారుల కోర్టు డిక్రీలకూ అండ పోలీసులే. పైగా తమ మామూళ్లు తాము లాగేవారు. మార్చిలో మొదలైన పితూరీలో జనం మొదట ఠాణాల మీద పడ్డారు. వాళ్లకు సర్కారు రూపం అక్కడే కనిపించేది మరి. అణచడానికి వందలాది పోలీసులు చాలలేదు, మద్రాసు పదాతి దళాలు కదిలాయి. గుత్తల మీద వచ్చే ఆదాయాన్ని కాయబోయి అంతకు ఎన్నో రెట్లు ఖర్చు పెట్టుకున్న సర్కారు, ఆ పాఠం నేర్చుకున్నట్టు తర్వాతి నడక చూస్తే అనిపించదు.

1902లో వైస్రాయి కర్జన్ వేసిన పోలీసు కమిషన్‌కు ఆండ్రూ ఫ్రేజర్ అధ్యక్షుడు. మరుసటి ఏడు వచ్చిన నివేదిక సొంత పోలీసును మొహమాటం లేకుండా తిట్టింది. శిక్షణ లేదు, అజమాయిషీ లేదు, జనం దృష్టిలో లంచగొండులూ పీడించేవాళ్లూ అంది. కానిస్టేబులుకు నెలకు కనీసం 8 రూపాయలివ్వాలని సిఫార్సు చేసింది. అంటే అప్పటిదాకా అంతకన్నా తక్కువతో నడిపించారన్నమాట. ఊరి పెద్ద, ఊరి కావలి లేకుండా పల్లెలో పోలీసు పని సాగదని కూడా గట్టిగా చెప్పింది. ఆ నివేదికలోంచి సర్కారు ఏది చురుగ్గా ఎత్తుకుందో చూడాలి. నేర పరిశోధన శాఖ, అంటే సీఐడీ, మద్రాసులో 1906కే వచ్చేసింది. మరుసటి ఏడే బిపిన్ చంద్రపాల్ కాకినాడ, రాజమహేంద్రవరం, బెజవాడ, బందరుల్లో వందేమాతరం ఉపన్యాసాలిచ్చాడు. ఆ శాఖకు పనికి కొదవ లేకపోయింది. పల్లె కావలిని బలపరచాలన్న మాట మాత్రం కాగితం మీదే ఉండిపోయింది.

అదే కమిషన్‌కు కార్యదర్శిగా పనిచేసిన హెరాల్డ్ స్టూవర్టు తర్వాత మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడయ్యాడు. బాపట్ల దగ్గర 1913లో వెలసిన స్టువర్టుపురానికి ఆయన పేరే పెట్టారు. 1911 నేరజాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. ఉప్పు, ధాన్యం గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్న జనం వీరు. రైలు, సర్కారీ ఉప్పు గుత్త వారి బేరాన్ని మింగేశాయి. బేరం పోయి తిరుగుడు మిగిలినవాళ్లను పుట్టుకతో దొంగలన్నారు. దీన్ని కులద్వేషంగానో వలస శాస్త్రపు మూఢత్వంగానో చెప్పుకుంటాం, రెండూ నిజమే. ఖర్చు కోణం కూడా ఉంది. దొంగతనం జరిగాక దొంగను వెతకడం ఖరీదైన పని. జాతి మొత్తాన్ని ఒకచోట ఉంచి పొద్దునా రాత్రీ హాజరు తీసుకోవడం చవక. మిషనరీలు నిర్వాహకులైతే, చీరాల పొగాకు కంపెనీ వారికి కూలి చూపిస్తే ఇంకా చవక. మద్రాసు రాష్ట్రం ఈ చట్టాన్ని 1947లో, కేంద్రం 1952లో ఎత్తేశాయి. స్టువర్టుపురం పేరు మీద పడిన మచ్చ చట్టంతోపాటు పోలేదు.

1919 సంస్కరణలు మద్రాసుకు ఎన్నికైన మంత్రులను ఇచ్చాయి. వారి చేతికి చదువులూ ఆబ్కారీ వంటివి వచ్చాయి గానీ పోలీసు రాలేదు. అది గవర్నరు అట్టేపెట్టుకున్న శాఖల్లోనే ఉండిపోయింది. శాసనమండలి పోలీసు పద్దును కోసినా గవర్నరు తిరిగి నిలబెట్టగలడు. తెలుగు జిల్లాల్లో ఆ రోజులెలా ఉన్నాయి? పల్నాట పుల్లరి కట్టబోమన్న కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు పడిపోయాడు. పశువుల మేత రుసుము కోసం తుపాకి పేలింది. అదే ఏడు ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల తుపాకులు ఎత్తుకుపోయింది. పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనిలో వెట్టి, ఇవ్వాల్సిన కూలి ఎగ్గొట్టిన డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ ఆగడాలు, ఇవీ మన్యం ఫిర్యాదులు. వినిపించుకునే దిక్కుంటే పెద్ద ఖర్చయ్యే సంగతులు కావు. వినకపోవడం వల్ల మలబారు స్పెషల్ పోలీసులు, అస్సాం రైఫిల్స్ కొండలెక్కాల్సి వచ్చింది. 1924 మేలో రాజు మరణించేదాకా సాగిన ఆ వేటకు నలభై లక్షల రూపాయలు అయ్యాయని చరిత్ర పుస్తకాల్లో తరచు చెప్పే లెక్క. ఆ మలబారు దళం సంగతే తీసుకోండి. మాప్పిళ్ల తిరుగుబాటు కోసం 1921లో లేపారు. తిరుగుబాటు అణిగింది, దళం ఉండిపోయింది. మన్యానికి వచ్చింది, పాతికేళ్లు పోయాక కృష్ణా జిల్లా కమ్యూనిస్టు పల్లెలకు వచ్చింది. అక్కడ ‘మలబారు పోలీసులు’ అన్న మాట పెద్దల జ్ఞాపకంలో భయానికి మారుపేరై నిలిచింది.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజం. జనాభా పెరిగింది, పట్నాలు పెరిగాయి, ధరలు పెరిగాయి. కానిస్టేబులుకు బతకదగిన జీతం ఇవ్వాలంటే పద్దు పెరగక తప్పదు, దానికింత కుట్ర వెతకడమెందుకు? అభ్యంతరంలో మొదటి సగం ఒప్పుకుంటాను. నేటి పోలీసు పద్దులో పెద్ద వాటా జీతాలే, అవి పెరగడం తప్పేమీ కాదు. చాలని జీతంతో లాఠీ ఇస్తే మిగతాది జనం దగ్గర వసూలు చేసుకొమ్మన్నట్టే. కానీ ఏ ఖర్చు ఎంత తొందరగా మంజూరైందో పోల్చి చూడాలి. కానిస్టేబులుకు నెలకు 8 రూపాయలు కనీసం ఉండాలని చెప్పించుకోవడానికి 1861 నుంచి 40 ఏళ్లూ ఒక కమిషనూ పట్టాయి. మలబారు దళం లేవడానికి తిరుగుబాటు మొదలైన కొన్ని వారాలు చాలాయి. రాజ్యానికి భయం వేసినచోట ఖర్చుకు ఆలోచించలేదు, పల్లెవాడికి భయం వేసినచోట పొదుపు గుర్తొచ్చింది. ప్రత్యేక పరిస్థితికని పెట్టిన ఖర్చు, పరిస్థితి పోయినా పద్దులో శాశ్వతంగా కూచుంటుంది. పద్దు పెరిగే తీరుల్లో ఇదొకటి, దీనికి నేరాల సంఖ్యతో సంబంధం తక్కువ.

ఇంకో అభ్యంతరం మరింత బలమైంది. అదంతా తెల్లవాళ్ల కాలం, ఇప్పుడు ఖజానా మనది, పద్దు ఓటేసేది మన శాసనసభ అంటారు. నిజాం ఏలుబడిలో ఊరికొక పోలీసు పటేలు, పన్నులకు వేరే మాలీ పటేలు, ఇద్దరూ వంశపారంపర్యపు దొరలే అయి ఊరిని నలిపిన తెలంగాణకు 1948 తర్వాత వచ్చిన మార్పు చిన్నది కాదు. (సైన్యం ట్యాంకులతో దిగినదాన్ని పోలీసు చర్య అన్నారు, ఆ మాట ఎంత దూరమైనా సాగుతుంది.) అయినా పాత అలవాటు పాలకులతో పాటు ఓడెక్కిపోలేదు. దానికి నాకు కనిపించే మంచి సాక్ష్యం నెల్లూరు జిల్లా దూబగుంట. 1992లో అక్కడ ఆడవాళ్లు సారా మాన్పించమని లేచారు. మగవాడి కూలి సారా కొట్టులో పోయి ఇంట్లో దెబ్బలు మిగలడం వాళ్లు చెప్పిన నేరం. సారా కంట్రాక్టరు సరుకును ఊళ్లోకి దింపడానికి పోలీసు తోడు రావడం వాళ్లు చూసిన పోలీసు పని. రంపలో 1879లో గుత్తేదారు వెనక నిలబడ్డ లాఠీకీ దీనికీ నూట పదేళ్లు గడిచాయి, ఖాతా మారలేదు. ఆబ్కారీ ఆదాయం సర్కారుకు అంత అవసరం. ఆ ఆడవాళ్లు సారా వేలం పాటలను అడ్డుకుని, ఆదాయమే రాకుండా చేశాక 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. అప్పుడు అదే పోలీసు సారా పట్టడం మొదలుపెట్టాడు. ఠాణాలో ప్రాధాన్యం ఒక్క రాత్రిలో మారడానికి నేరాల పట్టికలో మార్పేమీ అక్కర్లేకపోయింది.

శాసనసభ ఓటు గురించి కూడా ఒక మాట. సమావేశాల చివరి రోజున చర్చకు రాని పద్దులన్నిటినీ గిలెటిన్ పేరిట ఒకేసారి ఆమోదించడం మన సభలకు అలవాటే. హోం పద్దు చర్చకు వచ్చినా మాట్లాడేది శాంతిభద్రతల మీదా ఎదుటి పార్టీ మీదా. ఏ ఠాణాకు ఎందరు, దర్యాప్తుకు ఎంత, బందోబస్తుకు ఎంత అన్నది అక్కడ తేలే విషయం కాదు. సభ బయట చూస్తే, 2006లో సుప్రీంకోర్టు ప్రకాశ్ సింగ్ కేసులో ప్రతి రాష్ట్రం భద్రతా సంఘం వేసుకోవాలనీ, అది పోలీసు విధానానికి దారి చూపి, పనితీరును తూచి చూడాలనీ, దర్యాప్తును శాంతిభద్రతల నుంచి విడదీయాలనీ ఆదేశించింది. ఆ ఆదేశాలను మనసు పెట్టి అమలు చేసిన రాష్ట్రాన్ని వెతుక్కోవాల్సిందే. 2014 తర్వాత తెలంగాణ పోలీసు మీద ధారాళంగా ఖర్చు చేసింది. కొత్త వాహనాలు, షీ టీములు, 2022లో బంజారాహిల్స్‌లో ప్రారంభమైన కమాండ్ కంట్రోల్ సెంటరు. వీటిలో షీ టీములను ఆడపిల్లల తల్లిదండ్రులు ఎవరూ వద్దనరు, నేనూ అనను. ఆ ఖర్చులో ఏది ముందు, ఏది వెనక అని జనం ఎక్కడ అడగగలిగారన్నదే నా ప్రశ్న. మంచి నిర్ణయం కూడా పైనుంచి దయగా వచ్చినప్పుడు, రేపు అది ఎత్తేస్తే అడిగే చోటు ఉండదు. మండలానికో జిల్లాకో ఏడాదికొకసారి ఠాణా ఖర్చూ పనీ బహిరంగంగా చదివి వినిపించే ఏర్పాటు పెట్టడం కష్టమేమీ కాదు. కళ్లంలో భూమి ఉన్నవాడికే దక్కిన హక్కు అప్పుడు భూమి లేనివాడికి కూడా దక్కుతుంది.

తలారి సంగతి చెప్పి ముగిస్తాను. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం మునసబులను, పటేలు పట్వారీలను రద్దు చేసినా వాళ్ల కింది ఊరి నౌకరు ఉండిపోయాడు, తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకుడయ్యాడు. తెలంగాణ 2023లో ఆ కొలువు ఎత్తేసి, 20 వేలకు పైగా ఉన్న వాళ్లను వేర్వేరు శాఖల్లో సర్దింది. ఆంధ్రలో అతన్ని ఊళ్లో ఇప్పటికీ తలారి అనే పిలుస్తారు. అతను హాజరు వేయించుకునేది మాత్రం తహశీల్దారు కార్యాలయంలో.